పాలు మనవి – మీగడ యెవరిది?

(కర్నూలు పట్టణమున ఒక పఠనమందిరపు వార్షికసభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



పఠనమందిరములలో సారస్వతమును గూర్చియో, రాజ్యాంగమును గూర్చియో ఉపన్యసించుట ఆచారము. నేడు నేను పాలను గూర్చియు, మీగడను గూర్చియు మాటలాడ దలచితిని. న్యాయవాదికి పాలబేరముతో నేమి పనియని కొందఱు నవ్వవచ్చును. నాకు పాలు పితుకుట రాదు, ఒప్పుకొందును. కాని యిరువదియేండ్లుగా ఈ రెండు జిల్లాల న్యాయస్థానములలో తిరుగుచు, కార్యకర్తగా పల్లెలు త్రొక్కుచు నేను చూచిన దొకటి కలదు. మెట్టసీమలో నొక అప్పుదావాకు మూలము వెదకుచు పోయినచో, ఆ మూలమున తఱచుగా పెరటిలో నొక ఒట్టి కట్టుకొయ్య కనబడును. దానికి కట్టిన ఎనుము అమ్ముడువోయినది. ఆ తరువాతనే అప్పు పెరిగినది.

కోస్తావారు గేదె యందురు. మనము ఎనుము అందుము. పేరేదైన నేమి? వాన తప్పిన యేట పొలము చేతికేమియు నియ్యదు. ఆ యేట సంసారము నిలుచునో కూలునో పెరటిలోని ఎనుము నిర్ణయించును. పది పదునైదు దినముల కొకసారి వచ్చు పాలడబ్బే ఉప్పునకును, పప్పునకును, పిల్లల చదువునకును ఆధారము. కావున పాలధర యన్నది వర్తకుల లెక్కలలోని యొక అంకె మాత్రమే కాదు. మనసీమలో లక్షల కుటుంబముల కది బ్రతుకుతెరువు.

సరఫరా గిరాకీలు ధరను నిర్ణయించునని అర్థశాస్త్రము చెప్పును. మాట నిజమే. కాని కొనువాడొకడే యైనపుడు, కొలుచువాడును వాడే యైనపుడు, అమ్మువాడు వానికే అప్పుపడి యున్నపుడు, అది సగము నిజము మాత్రమే. కర్నూలు కడప సీమలో పాలకు గిరాకి కఱవు లేదు. పాడిచేయు చేతులకును కఱవు లేదు. మేతయు కొలతయు మన చేతిలో లేకపోవుటయే మన కఱవు. ఈ యొక్క మాటను నిరూపించుటకే నేడు మీ కాలమును కోరుచున్నాను.

సరఫరా – మేతకథ

పాలు ఎనుమునుండి వచ్చునని పిల్లలకు చెప్పుదుము. మేతనుండి వచ్చునని పెద్దలకు చెప్పవలసియున్నది. 450 కిలోల బరువుగల పాడి ఎనుమునకు దినమునకు, తడి తీసివేసిన లెక్కను, 11 లేక 12 కిలోల మేత కావలెను. ఈ మేత యెచ్చటనుండి రావలెను? మన రెండు జిల్లాలలో ఏటికి పడు సగటువాన సుమారు 650 మొదలు 700 మిల్లీమీటర్లు. అదియు నమ్మదగినది కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరు కర్నూలు–కడప కాలువను 1860 తరువాతి యేండ్లలో నొక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. ఆ కాలువ క్రింద నంద్యాల, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతములకు వరిగడ్డి లభించును. ఆలూరు, పత్తికొండ, ఆదోని ప్రాంతములకును, రాయచోటి చుట్టుపట్ల పల్లెలకును వానయో, బోరుబావియో గతి. ఒకే సీమలో ఒక పల్లెలో గడ్డి వాములై యుండును. ముప్పది క్రోసుల దూరమున ఎనుము కబేళాకు పోవుచుండును.

కఱవు మనకు క్రొత్త కాదు. 1876 మొదలు 1878 వఱకు సాగిన మహాక్షామమును మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొనిరి. అది బళ్లారి, కర్నూలు జిల్లాలను ఘోరముగా పీడించెను. కఱవు వచ్చినపుడెల్ల మనుష్యునికంటె ముందు పశువు పోవును. పశువు పోయిన వెనుక వాన వచ్చినను దున్నుటకు శక్తి యుండదు. ఇక అడవి మేత యందురా? నల్లమల, ఎఱ్ఱమల, పాలకొండలు మన కన్నుల యెదుటనే యున్నవి. ఆ మేతకై పుల్లరి కట్టలేక, అధికారుల బాధ పడలేక, 1921–22లో పల్నాటి ప్రజలును, మన రాయచోటి తాలూకా ప్రజలును అడవి సత్యాగ్రహమునకు దిగిరి. ఆ పోరాటమును స్వరాజ్య చరిత్రలో నొక పుటగా చదువుచున్నాము. అది పాడిపశువు మేత కొఱకై జరిగిన పోరాటమని మఱచుచున్నాము.

మేతకు వచ్చిన పెద్దదెబ్బ కఱవువలన వచ్చినది కాదు; మెల్లగా, ఎవ్వరికిని తెలియకుండ, పంటల మార్పువలన వచ్చినది. మన తాతల కాలమున ఈ నల్లరేగడి భూములలో జొన్నయే ప్రధానమైన పంట. గింజ మనిషికి, చొప్ప పశువునకు. ఒకే సేద్యము రెండు కడుపులు నింపెను. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చెను. పేదవాని కంచములో వరియన్నము పడుట మంచిదే. దానిని నేను నిందింపను. కాని జొన్నరొట్టె తగ్గిన కొలదిని జొన్నచేను తగ్గెను. చేను తగ్గిన కొలదిని చొప్ప తగ్గెను. క్రొత్తగా వచ్చిన పొట్టిరకము జొన్నలు గింజ యెక్కువగా నిచ్చి చొప్ప తక్కువగా నిచ్చెను. పిదప పత్తి వచ్చెను. పత్తికట్టె పొయ్యిలోనికే గాని పశువునకు రాదు. 1999లో విడుదలయైన జె.జి. 11 అను శనగరకము కర్నూలు నల్లరేగళ్లను ఆక్రమించెను. శనగ రైతునకు డబ్బు తెచ్చినది, నిజమే. కాని శనగపొట్టు జొన్నచొప్పకు సాటిరాదు. వేరుశనగ వేసినవారికి మాత్రము బుడ్డలకట్టె కొంత మిగులును. ఆ పంటకును వాన కావలెను. కాలువ క్రింది వరిలో కోతయంత్రము దిగి, గడ్డిని ముక్కలుచేసి చేనిలోనే చల్లిపోవుచున్నది.

ఈ విధముగా ఇంటి మేత అంగడి మేత యాయెను. చొప్ప కొనవలెను, తవుడు కొనవలెను, చెక్క కొనవలెను, పత్తిగింజలు కొనవలెను. అమ్మునది ఒక్క పాలే. అందువలన మెట్టపల్లెలో పాల ఉత్పత్తి ఖర్చు వానమీద ఆధారపడును; వాన తక్కువైన యేట మేతధర పైకి లేచును. పాలధర దానితో గూడ లేవదు. ఆ తేడాను భరించునది ఎనుమును కాచు కుటుంబము. భరింపలేనినాడు అమ్మివేయును. కోసిగి, కౌతాళము, మంత్రాలయము వైపునుండి యేటేట సుగ్గిపనులకు వలసపోవు సంసారములను చూడుడు. వలసబండి యెక్కువానికి ఎనుమును వెంట దీసికొనిపోవుట కుదరదు. తిరిగి వచ్చునప్పటికి కూలిడబ్బుండును, పాడి యుండదు.

గిరాకి – ఒకదాని కొకటి యెదురైన ఋతువులు

ఇక గిరాకి. పాలబజారునకు ఇతర బజారులకు లేని యొక చిక్కు గలదు. ధాన్యమును గాదెలో దాచవచ్చును. పత్తిని బేళ్లు కట్టవచ్చును. పచ్చిపాలు మన వేసవిలో ఒక్క పూటకు మించి నిలువవు. అమ్మువాడు నేడు కాకున్న రేపని బెట్టుచేయలేడు. ఈ తొందరయే కొనువాని బలము.

దీనికి తోడు ఋతువుల వైరము. ఎనుములు పెక్కు తొలకరి తరువాత ఈనును. ఆశ్వయుజము మొదలు మాఘము వఱకు పాలు పొంగును. చైత్రము మొదలు ఆషాఢము వఱకు ఎండును. నల్లని చర్మము, తక్కువ చెమట గల ఎనుమునకు మన యెండ పరమశత్రువు. పొరలుటకు చెఱువులో నీరును లేదు. ప్రజలకు మజ్జిగయు పెరుగును ఎక్కువగా కావలసినది సరిగా ఆ వేసవిలోనే. అనగా పాలున్నపుడు గిరాకి చల్లగా నుండును. గిరాకి యున్నపుడు పాలు చల్లారును.

అట్లయిన వేసవిలో పాడివానికి మంచిధర రావలదా? కొంత వచ్చును, రావలసినంత రాదు. ఎందువలన? పాలపొడి వలన. లెక్క వినుడు. నూఱు కిలోల ఎనుముపాలలో 7 కిలోల వెన్నయు, 9 కిలోల వెన్నలేని ఘనపదార్థమును ఉన్నవనుకొందము. చట్టము ప్రకారము టోన్డు పాలలో వెన్న 3 వంతులు, ఆ ఘనపదార్థము 8.5 వంతులు ఉండిన చాలును. సుమారు 11 కిలోల పాలపొడియు, 122 కిలోల నీరును చేర్చినచో ఈ నూఱు కిలోలు 233 కిలోల టోన్డు పాలగును. ఇది మోసము కాదు, చట్టసమ్మతమైన పద్ధతి. 1940ల నడుమ బొంబాయిలో పేదలకు చౌకగా పాలు అందించుటకే ఇది ఆరంభమైనది. పట్టణములోని పేదతల్లికి దీనివలన మేలే కలిగినది. కాని పాలపొంగునాడు చవుకగా కొన్న పాలు పొడియై, వేసవిలో మరల పాలై, వేసవి పాలధరను అణచుచున్నవి. పొడిధర ప్రపంచపు బజారులో పడిపోయినపుడు ఎగుమతి ఆగి నిలువలు పేరుకొనును. 2017–18లో అట్లే జరిగెను. అపుడు పాలపొంగు కాలపు ధరయు పడును. ఆలూరు పెరటిలోని ఎనుము పాలకు వెలకట్టువాడు ఆలూరిలో లేడు.

గిరాకి లేదని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు. కర్నూలు, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, కడప పట్టణములు పెరిగినవి. ఒకవైపు హైదరాబాదు, ఒకవైపు బెంగుళూరు, ఒకవైపు చెన్నై. మూడు మహానగరముల నడుమ మన మున్నాము. మన వాకిటనున్న తిరుమలలో లడ్డుప్రసాదమునకు టన్నులకొలది ఆవునేయి కావలెను. మన జిల్లాలలో పాడి యెక్కువగా ఎనుములదగుటచే ఆ గిరాకికి మన సరఫరా పొసగుట లేదు. ఆ నేయి దూరప్రాంతములనుండి వచ్చుచుండెను. 2024లో దాని నాణ్యతను గూర్చి వివాదము చెలరేగి, అక్టోబరు 4వ తేదీన సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పఱచెను. న్యాయస్థానముల ముందున్న విషయమున తీర్పు చెప్పుట నా పనికాదు. ఒక్క మాట మాత్రము చెప్పుదును: దేవుని ప్రసాదమునకైనను నేతి గుణమును తేల్చునది భక్తి కాదు, పరీక్ష. ఆ పరీక్ష పల్లెలో మొదటి చెంబునొద్దనే నిక్కముగా జరుగవలెను.

గ్రామమున మిగిలినదేమి?

ఇచట మన యిండ్ల సంగతి యొకటి చెప్పక తప్పదు. పూర్వము పల్లెలో పాలు అమ్ముట తక్కువ. తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, నేయి కాచి అమ్ముట యెక్కువ. నేయి బజారునకు పోయెను. చల్ల ఊరిలో మిగిలెను. ఎనుము లేని యింటి పిల్లయు ముంత పట్టుకొని పొరుగింటికి పోయిన చల్ల ఊరకనే పోయుదురు. సంగటిలోనికి ఆ చల్లయే కూర, ఆ చల్లయే బలము. చల్ల అమ్ముట పరువుతక్కువ యని తలచిన కాలము మన తల్లులకు జ్ఞాపకము.

నేడు పాలు పాలుగానే తెల్లవాఱకమున్నే బండి యెక్కుచున్నవి. డబ్బు వచ్చుచున్నది, సంతోషమే. కాని మీగడతోపాటు చల్లయు పోయినది. 1998 మొదలు పాల ఉత్పత్తిలో భారతదేశమే ప్రపంచమున ప్రథమస్థానమున నున్నది. 2023–24లో దేశమున సుమారు 23 కోట్ల 93 లక్షల టన్నుల పాలు పండినవనియు, తలకు దినమునకు 471 గ్రాములు వచ్చుననియు ప్రభుత్వపు లెక్క. సగటు లెక్క మంచిదే. కాని సగటు ఎవ్వరి గిన్నెలోను పోయబడదు. రెండు పూటల పది లీటర్లు పోయు యింటిలో చంటిపిల్లకు గ్లాసెడు పాలు నిలుపుటకు తల్లి వెనుకాడుచున్నదన్నచో, ఆ సగటులో మన భాగ మెంత?

మీగడ కొలత

ఇపుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. కొనువాడు కొనుచున్నది పాలు కాదు, పాలలోని వెన్న. బిల్లులో లీటర్లు వ్రాయుదురు. ధర మాత్రము వెన్నశాతముపై కట్టుదురు. ఆవుపాలలో వెన్న 3.5 లేక 4 వంతులుండగా, ఎనుముపాలలో 6 లేక 7 వంతులుండును. కావున మన పాలకు ఎక్కువధర రావలెను. వచ్చుచున్నదా లేదా యన్నది కొలుచువాని చేతిలో నున్నది.

ఈ కొలతకు గొప్ప చరిత్ర గలదు. పూర్వము అమెరికాలో పాలను కొలతపాత్రతోనే కొనుచుండిరి. నీరు కలిపిన వానికిని, చిక్కని పాలు తెచ్చిన వానికిని ఒకేధర. మంచివాడు నష్టపోవుచుండెను. 1890లో విస్కాన్సిను రాష్ట్రమున బాబ్‌కాక్ అను శాస్త్రజ్ఞుడు ఆమ్లముతో పాలలోని వెన్నను వేఱుచేసి గాజుగొట్టములో కొలుచు పద్ధతి కనిపెట్టెను. ఆ పరీక్షపై ఆయన పేటెంటు తీసికొనలేదు, లోకమునకు వదలివేసెను. ఇంచుమించుగా ఆ కాలముననే స్విట్జర్లాండునందు గెర్బరు అను నాతడు అట్టి పరీక్షయే కనిపెట్టెను. మన దేశమున వ్యాపించినది అది. రైతుకును, వర్తకునకును నడుమ నిలిచి నిజము చెప్పు సాక్షిగా ఆ గాజుగొట్టము పుట్టినది. ఆ సాక్షి ఒక్క పక్షమువాని జేబులో నుండిన, న్యాయవాదిగా చెప్పుచున్నాను, ఆ వ్యాజ్యము తీర్పు ముందే తెలియును.

లెక్కకై వెన్న కిలో 800 రూపాయలనుకొందము. పది కిలోల పాలలో వెన్న 6.5 వంతులున్న 650 గ్రాములు, 520 రూపాయలు. దానినే 6 వంతులని వ్రాసిన 600 గ్రాములు, 480 రూపాయలు. అర వంతు తగ్గించి వ్రాయుటవలన పది కిలోలకు 40 రూపాయలు పోయినవి. దినమునకు 500 కిలోల పాలు పోయు గ్రామము దినమునకు 2,000, నెలకు 60,000 రూపాయలు నష్టపోవును. తెలియదు, కనబడదు, కేకవేయుటకు ఆధారములేదు. దారిదోపిడిలో దొంగ ముఖమైన కనబడును.

ఇది ఊహ కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక మెట్టగ్రామమునుండి కొందఱు నాయొద్దకు వచ్చిరి. తమ యూరి సేకరణకేంద్రమున శాతము తక్కువగా వ్రాయుచున్నారని ఫిర్యాదు. ఆధారమేమని అడిగితిని. చీటీలు చూపిరి, వానిలో లీటర్లును మొత్తమును మాత్రమే యున్నవి, శాతము లేదు. దావా వేయుటకు చేతిలో నేమియు లేదు. అందఱును ఆ కేంద్రమునకే దాణా బాకీ యుండుటచే ఒకరైనను బహిరంగముగా సాక్ష్యము పలుకుటకు సిద్ధముగా లేరు. న్యాయస్థానము వలదు, సొంత గొట్టము కొనుడని చెప్పితిని. ముప్పది యిండ్లవారు చందాలు వేసికొని చేతితో త్రిప్పు పరీక్షాయంత్రమును, గాజుగొట్టములను కొనిరి. పదవతరగతి చదివిన ఒక కోడలు వారము దినములలో పరీక్ష నేర్చుకొనెను. ఉదయము పాలు పోయుటకు ముందు గుడిమెట్లపై పరీక్షచేసి శాతమును పలకపై వ్రాయసాగెను. పదిదినములు గడువలేదు, కేంద్రములోని శాతము పలకమీది శాతముతో కలిసిపోయెను. ఎవరితోను కలహములేదు, నోటీసులేదు. కొలత రెండుచోట్ల ఉండుటయే చాలినది.

గువ్వలచెరువు చెప్పు పాఠము

పల్లె తన పాలకు తానే వెలకట్టుకొన్న ఉదాహరణ మన సీమలోనే గలదు. కడపనుండి రాయచోటికి పోవువారు ఘాటుదారిలో గువ్వలచెరువు వద్ద ఆగక పోరు. అచటి పాలకోవ దేశాంతరములకు కూడ ప్రయాణము చేయుచున్నది. ఆ యూరివారు చేసినదేమి? పచ్చిపాలకు పూట ఆయుష్షు. పొయ్యిపై గంటలకొలది కలియబెట్టి కోవ చేసిన దినములకొలది ఆయుష్షు. దారిన పోవువాడే గిరాకి. మధ్య శీతలయంత్రము లేదు, పొడియంత్రము లేదు. పాలు నిలువ చేయలేనివాని బలహీనతను కట్టెలపొయ్యియు, ఇనుపబాణలియు పోగొట్టినవి. అందఱును కోవ చేయుడని నేను చెప్పుట లేదు. లడ్డు తినువారికిని కోవ తినువారికిని హద్దున్నది. పాలు నిలుచు రూపమును ఎవడు తన చేతిలో నుంచుకొనునో, బేరము వాని చేతిలో నుండునని మాత్రము గువ్వలచెరువు మనకు నేర్పుచున్నది.

ఖేడా చేసినది, మనము చేయనిది

రెండవ ఉదాహరణ గుజరాతునందలి ఖేడాజిల్లా. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు ఖేడా పాలు తెప్పించు పథకము పెట్టి, కొనుట యొక్క ప్రైవేటు కంపెనీ కప్పగించెను. నగరమున ధర పెరిగెను, పాడివానికి పెరుగలేదు. రైతులు సర్దార్ పటేలు నొద్దకు పోయిరి. సొంత సంఘము పెట్టుకొనుడు. ప్రభుత్వ మొప్పుకొనకున్న పాలు పోయకుడని ఆయన చెప్పెను. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామమున మొరార్జీదేశాయి సమక్షమున సభ జరిగెను. పదునైదు దినములు ఖేడానుండి బొంబాయికి పాలు పోలేదు. ప్రభుత్వము దిగివచ్చెను. 1946 డిసెంబరు 14న సంఘము నమోదయ్యెను. త్రిభువనదాసు పటేలు నాయకుడు. మొదట రెండు గ్రామసంఘములు, దినమునకు సుమారు 250 లీటర్లు, అంతే. ఆ బీజమే నేటి అమూల్.

ఖేడా గెలిచినది పాలు పోయకపోవుటవలన మాత్రమే యని తలంపవలదు. పాలు ఆపుట పదునైదు దినముల పని. గ్రామములోనే తూచి, గ్రామములోనే పరీక్షించి, సొంత కర్మాగారమున వెన్నయు పొడియు చేయుట నిత్యము చేయవలసిన పని. ఎనుముపాలను పొడిచేయుట సాధ్యముకాదని పాశ్చాత్య నిపుణులు పలికినను, 1955లో ఆనందు నందు చేసి చూపిరి. పాలపొంగు కాలపు మిగులు వర్తకుని ఆయుధముగా నుండునది పాడివాని గాదె యాయెను.

మన రాష్ట్రమున నేమి జరిగెను? 1981లో ఆంధ్రప్రదేశ్ పాడిసమాఖ్య యేర్పడి, విజయ పేరు ఇంటింటికి వచ్చెను. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చి, ప్రభుత్వపు పెత్తనములేక సంఘములు నడచు దారి తెఱచెను. నంద్యాల కేంద్రముగా మన కర్నూలు యూనియను ఆ చట్టము క్రిందికి వచ్చి నిలిచినది. ప్రక్కనున్న చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడెను. అదే యేట కేంద్రప్రభుత్వము 1992 నాటి పాల ఉత్తర్వును సవరించి, ఏ కర్మాగారము ఏ ప్రాంతమున పాలు సేకరింపవలెనను హద్దులను తీసివేసెను. పోటీ పెరిగెను, పోటీ యున్నచోట పాడివానికి మేలు కలిగెను, ఒక్క కొనుగోలుదారుడే యున్న మాఱుమూలల మార్పు రాలేదు. 2014లో తిరుపతి కేంద్రముగా శ్రీజ యను కంపెనీ స్త్రీలే యజమానులుగా స్థాపింపబడెను. 2020 డిసెంబరు 2న ప్రభుత్వము అమూలును పిలిచి ప్రకాశము, చిత్తూరు, కడప జిల్లాలలో సేకరణ ఆరంభింపజేసెను. సర్కారు ఉత్తర్వుతో వచ్చినది మఱియొక ఉత్తర్వుతో పోవచ్చును. సభ్యుల వాటాధనముతో, సభ్యుల కాపలాతో నిలిచినది అంత సులభముగా పోదు. ఖేడాకును మనకును గల భేద మిదియే: వారి సంఘము క్రిందనుండి మొలచినది, మనవి పెక్కు పైనుండి నాటబడినవి.

ఒక ఆక్షేపణ

ప్రైవేటు వర్తకుడే లేకున్న మా పల్లె పాలు కొనువారెవరు? ఎనుమును కొనుటకు అప్పు ఇచ్చునది వాడు, దాణా అరువిచ్చునది వాడు, వానలో బండి పంపునది వాడు. సంఘము వారు నెలలకొలది డబ్బీయలేదు కదా యని కొందఱందురు. ఈ మాటలో నిజమున్నది. దాచుట ధర్మము కాదు. డబ్బు సకాలమున నీయని సంఘము పేరునకు సహకారమైనను పాడివానికి శత్రువే. వర్తకులందఱును దుష్టులుకారు, సరిగా కొలిచి, సరిగా చెల్లించువారిని నేనెఱుగుదును. నేను నిందించునది వర్తకుని కాదు. అప్పునకును కొలతకును వేసిన ముడిని. అప్పిచ్చినవానికే పాలు పోయవలెను, వాడు కొలిచినదే కొలత, వాడు చెప్పినదే శాతము అన్నచోట ధర యనునది బేరము కాదు, ఉత్తర్వు. ఆ ముడి విప్పిన చాలును. మంచి వర్తకునకును అది మేలే.

మన కర్తవ్యము

కావున ఈ సభలోని వారికి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదటిది కొలత. ప్రతి గ్రామమున పరీక్షాయంత్ర మొకటి ప్రజలదై యుండవలెను. ప్రతి చీటీలో లీటర్లతోపాటు వెన్నశాతమును, ఘనపదార్థపు శాతమును వ్రాయుమని అడుగవలెను. తూనికయంత్రము 2009 నాటి చట్టము ప్రకారము పరీక్షింపబడి ముద్ర కలిగియుండవలెను. ముద్రలేని తక్కెడపై తూచుట నేరము. ఆ ముద్ర యెట్లుండునో ప్రజలకు చూపుటకు న్యాయవాదులమైన మేము నెలకొక పల్లెకు వచ్చుటకు సిద్ధము.

రెండవది మేత. ప్రతి రైతు శనగయో పత్తియో వేసికొనును, వలదనము. ఎకరములో పదవవంతైన జొన్నకు విడువవలెను. కాలువక్రింది గడ్డిని చేనిలో కాల్చక కట్టలుకట్టి, మెట్టపల్లెల సంఘములు కోతకాలముననే కొని వాములు వేయవలెను. నంద్యాల గడ్డి చవుకగా నున్నపుడు కొన్న ఆలూరు వైశాఖమున నిలుచును. ధాన్యపు గాదె వలెనే మేతగాదె యుండవలెను.

మూడవది స్త్రీలు. పితుకునది ఆమె, మేతవేయునది ఆమె, పేడయెత్తునది ఆమె. పాలపుస్తకము మాత్రము పురుషుని పేర. సభ్యత్వమును, బ్యాంకుఖాతాయును ఆమె పేర నుండవలెను. పాలడబ్బు ఆమె చేతికి వచ్చిన యింట పిల్లకు గ్లాసెడు పాలు మిగులును.

నాలుగవది పట్టణవాసులమైన మన పని. 2025 సెప్టెంబరు 22 మొదలు నేయి, వెన్నలపై పన్ను నూటికి 12నుండి 5కు తగ్గెను. ఆ తగ్గిన ఏడువంతులు కొనువానికి వచ్చెనా, పాడివానికి పోయెనా, నడుమ నిలిచెనా? మనము అడిగితిమా? ఈ పఠనమందిరమున వార్తాపత్రికల ప్రక్క నొక నల్లబల్ల వ్రేలాడదీయుడు. వారమువారము ఒక ప్రక్క పట్టణమున పాల అమ్మకపుధర, ఒక ప్రక్క చుట్టుపట్ల పది పల్లెలలో పాడివానికి ముట్టిన ధర, దాని వెన్నశాతముతో వ్రాయుడు. రెండంకెల నడుమ దూరము కనబడునపుడు దానిని గూర్చి ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టినచోట మాఱుమాట చెప్పక తప్పదు.

సోదరులారా! మన సీమకు నదులు తక్కువ, వానలు తక్కువ యని నిత్యము విలపించుచున్నాము. వానను మనము ఆజ్ఞాపింపలేము. కాని కొలతగొట్టమును కొనవచ్చును, గడ్డివాము వేయవచ్చును, చీటీలో శాతము వ్రాయుమని గట్టిగా అడుగవచ్చును. వీనిలో నే యొకటియు దేవుని దయకొఱకు వేచియుండునది కాదు. రేపు ఉదయము ఐదుగంటలకు పాలబండి వచ్చును. ఆ వేళకు మీ యూరి సేకరణకేంద్రమున నిలుచుటకు మీలో పదిమంది సిద్ధపడినచో, ఈ యుపన్యాసము వ్యర్థము కాలేదని సంతసింతును.